కలశంలో మునిగిన లిబర్టీ డాలర్: ఏం చేయాలి?

ఎడిసన్_కోడలు | శనివారం ఉదయం

అందరికీ నమస్కారం. నాణేల విషయంలో నాకు ఓనమాలు కూడా రావు, ముందే చెప్పేస్తున్నాను. పోయిన నెల మా వీధి చివర ఒక పెద్దాయన ఇల్లు ఖాళీ చేస్తూ సామానంతా వాకిట్లో పెట్టి అమ్మారు. మా ఆయన స్క్రూడ్రైవర్ల డబ్బా కోసం వెళ్లి, ముఖమల్ పెట్టెల్లో ఉన్న ఏడు వెండి డాలర్లు తెచ్చారు. అన్నీ కలిపి 160 డాలర్లు. 1983, 1984, 1987, 1990, 1992వి ఒక్కోటి, 1986వి రెండు.

అసలు సంగతి ఇది. మా అమ్మ రాజమండ్రి నుంచి వచ్చి ఉంది. వరలక్ష్మీ వ్రతం నాడు లిబర్టీ విగ్రహం ఉన్న 1986 డాలర్ చూసి "తల మీద కిరీటం, చేతిలో దీపం, అచ్చం అమ్మవారే" అని ప్లాస్టిక్ క్యాప్సూల్‌లోంచి ఊడదీసి కలశంలో వేసింది. పసుపు నీళ్లలో రాత్రంతా ఉంది. పొద్దున తీస్తే పచ్చటి మరకలు. నేను లేచేసరికి చింతపండూ విభూతీ వేసి శుభ్రంగా తోమేసింది కూడా. అద్దంలా ఉండేది ఇప్పుడు పాత ఉగ్గుగిన్నెలా ఉంది.

దీన్ని మళ్లీ మామూలుగా చేయొచ్చా? మిగతావి ఉంచుకోవాలా, అమ్మేయాలా?

బిళ్లల_బాబాయ్ (డాలస్) | శనివారం ఉదయం

కోడలమ్మా, ముందు తోమడం ఆపించు. మా ఇంట్లో వెండి కంచాలకి చింతపండు ఎలాగో అమ్మగారికి ఇదీ అలాగే కనిపించి ఉంటుంది, ఆవిడ తప్పేమీ లేదు.

నీది ప్రూఫ్ నాణెం. మెరుగుపెట్టిన అచ్చులతో, మెరుగుపెట్టిన బిళ్ల మీద, ఒకటికి రెండుసార్లు కొట్టి తయారు చేస్తారు. అందుకే బొమ్మ పాలపొగలా తెల్లగా, చుట్టూ ఉన్న నేల అద్దంలా ఉంటుంది. ఆ అద్దం మీద మెత్తటి గుడ్డతో రుద్దినా సన్నగీతలు పడతాయి. విభూతి సంగతి చెప్పక్కర్లేదు. ఆ గీతలు పోవు. పోగొడతామని చెప్పేవాళ్లు ఇంకో పొర చెక్కేస్తారు, అంతే.

ఇప్పుడు మంచిమాట. 1986 లిబర్టీ డాలర్ ప్రూఫ్‌లు 64 లక్షల పైచిలుకు అమ్ముడయ్యాయి. ఈ స్మారక డాలర్లలో ఇంతకన్నా తేలిగ్గా దొరికేది లేదు. తోమినా తోమకపోయినా దాని ధర దాదాపు వెండి ధరే. అమ్మగారు పాడుచేసినది లెక్కవేస్తే ఒకపూట కాఫీ టిఫిన్ ఖర్చు ఉంటుందేమో. రెండోది చూడు. బిళ్ల మీద చిన్న అక్షరం ఉంటుంది. ఎస్ అయితే శాన్‌ఫ్రాన్సిస్కోలో కొట్టిన ప్రూఫ్, పి అయితే ఫిలడెల్ఫియాలో కొట్టిన అన్‌సర్క్యులేటెడ్, అంటే ఆ అద్దం మెరుపు లేని, చేతులు మారని రకం. పి రకం ఏడు లక్షల చిల్లరే. అదీ అరుదేం కాదు.

లెక్కల_మాస్టారు | శనివారం మధ్యాహ్నం

ధర గురించి ఎవరూ లెక్క చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను. 1983 నుంచి వచ్చిన ఈ డాలర్ల బరువు 26.73 గ్రాములు, అందులో 90 శాతం వెండి, మిగతా పది రాగి. అంటే 24 గ్రాముల వెండి, మన లెక్కన రెండు తులాల పైన. అమెరికాలో వెండి ధర ట్రాయ్ ఔన్సుకి (31.1 గ్రాములు) చెబుతారు, ఇందులో ఉన్నది 0.7734 ఔన్సు. ఔన్సు 30 డాలర్లు ఉంటే నాణెంలో వెండి 23 డాలర్ల 20 సెంట్లు. ధర ఒక డాలర్ పెరిగితే నాణెం 77 సెంట్లు పెరుగుతుంది. 2019 నుంచి కొట్టేవాటిలో 99.9 శాతం వెండి, వాటికి లెక్క మారుతుంది.

మీవారు ఒక్కోటి 23 డాలర్ల లోపే తెచ్చారు. స్క్రూడ్రైవర్లకన్నా మంచి బేరం.

కరీంనగర్_పోరడు | శనివారం సాయంత్రం

అన్నా ఒక డౌట్. గీ బిళ్ల మీద ఒక డాలర్ అని రాసుంది కదా. దుకాణంల ఇస్తె డాలర్ లెక్కనే తీస్కుంటరా? మరి వెండి ఇర్వై డాలర్లదైతే ఎవడిస్తడు?

బిళ్లల_బాబాయ్ (డాలస్) | శనివారం రాత్రి

చట్టప్రకారం డాలరే తమ్ముడూ, తీసుకుంటారు. ఇచ్చేవాడే ఉండడు. మింట్ (సర్కారు టంకశాల) వాళ్లు మొదట అమ్మేటప్పుడే వెండి ధర మీద తయారీ ఖర్చూ, దాని మీద ఇంకో పది డాలర్ల అదనపు రుసుమూ వేస్తారు. ఆ రుసుము ఎవరికి పోవాలో కాంగ్రెస్, అంటే అమెరికా పార్లమెంటు, చేసిన చట్టంలోనే రాసుంటుంది. లిబర్టీ డాలర్ మీద అది 7 డాలర్లు. విగ్రహానికి నూరేళ్లు నిండుతున్నాయని మరమ్మతులకీ, ఒకప్పుడు వలస వచ్చినవాళ్లు దిగిన ఎల్లిస్ ద్వీపానికీ ఆ ఏడాది నాణేల మీద దాదాపు 8.3 కోట్ల డాలర్లు వచ్చాయి. నాణేలమ్మి గుడి బాగు చేయించినట్టు అనుకో.

కోడలమ్మా, నువ్వు న్యూజెర్సీ ఎడిసన్‌లోనే ఉన్నావు కదా. ఒకసారి జెర్సీ సిటీ ఒడ్డుకి వెళ్లి నిలబడు. బిళ్ల మీద కనిపించే విగ్రహం, ఎల్లిస్ ద్వీపం ఎదురుగానే ఉంటాయి. బిళ్ల వెనకవైపు దివిటీ పట్టుకున్న చెయ్యీ, ఆ విగ్రహం గురించి ఎమ్మా లాజరస్ రాసిన పద్యంలోని పంక్తులూ ఉన్నాయి. బొమ్మ చెక్కిన జాన్ మెర్కాంటీ చాలా ఏళ్ల తర్వాత, 2006లో, మింట్‌లో ప్రధాన శిల్పి అయ్యారు.

పాతసామాను_పద్మ | ఆదివారం ఉదయం

బాబాయ్ గారూ, చరిత్ర మీరు చెబితే బాగుంటుంది. ఈ డాలర్లు ఇన్ని లక్షలు కొట్టి, ఇన్ని రకాలు తెచ్చి, ఇప్పుడు వెండి ధరకి ఎందుకు పడిపోయాయో కొత్తవాళ్లకి తెలియాలి.

బిళ్లల_బాబాయ్ (డాలస్) | ఆదివారం మధ్యాహ్నం

సరే, ఆదివారం కదా, కాస్త పెద్దగానే రాస్తున్నాను.

అమెరికాలో స్మారక నాణేలు 1892లో కొలంబస్ అర డాలర్‌తో మొదలయ్యాయి. పాతకాలంలో స్మారక వెండి డాలర్ అంటే 1900 లఫాయెట్ డాలర్ ఒక్కటే. మిగతా వెండివి దాదాపు అన్నీ అర డాలర్లే. ఊరూరికీ ఉత్సవం, ఉత్సవానికో నాణెం, ఆ నాణేలు దళారీల చేతుల్లో. విసిగిపోయి 1954 తర్వాత ఆపేశారు. 28 ఏళ్లు ఏమీ లేవు. 1982లో వాషింగ్టన్ అర డాలర్‌తో మళ్లీ తెరిచారు, 1983లో లాస్‌ఏంజిలిస్ ఒలింపిక్స్ కోసం మొదటి వెండి డాలర్ వచ్చింది. చక్రం విసిరే ఆటగాడు ఉన్నది, మీ ఏడింటిలో మొదటిదదే.

1984ది చూసి మీ అమ్మగారు ఏమంటారో తెలుసుకోవాలని ఉంది. దాని మీద ఉన్న రెండు విగ్రహాలకీ తలలు లేవు. రాబర్ట్ గ్రాహం అనే శిల్పి ఒలింపిక్ స్టేడియం ముంగిట పెట్టిన విగ్రహాలవి, ఉన్నవి ఉన్నట్టే నాణెం మీదకి ఎక్కించారు. అప్పట్లో చాలామంది ముఖం చిట్లించారు. నాకు మాత్రం ఇష్టం.

మొదట్లో జనం ఎగబడి కొన్నారు. ప్రతి సంఘం వాళ్లూ కాంగ్రెస్ సభ్యుడి దగ్గరికి వెళ్లి మాకో నాణెం, దాని మీద మాకో రుసుము అనడం మొదలుపెట్టారు. ముదిరి ముదిరి అట్లాంటా ఒలింపిక్స్ దగ్గరికి వచ్చేసరికి, 1995లోనూ 1996లోనూ కలిపి పదహారు రకాలు. వాటిలో ఎనిమిది వెండి డాలర్లు. ఒక్కోదానికీ ప్రూఫ్ వేరు, అన్‌సర్క్యులేటెడ్ వేరు. అన్నీ కొనాలంటే నెల జీతం పోతుంది. సంతలో వంకాయలు గుట్టలు పోస్తే ఎవరు కొంటారు? కొనేవాళ్లు చేతులెత్తేశారు.

ఇక్కడే తమాషా. ఎవరూ కొనలేదు కాబట్టి అవే ఇప్పుడు దొరకవు. 1996 పారాలింపిక్స్ చక్రాలకుర్చీ డాలర్, డెన్వర్‌లో కొట్టిన డి అక్షరం అన్‌సర్క్యులేటెడ్ రకం, 14,497 మాత్రమే. హైజంప్, టెన్నిస్, రోయింగ్ కూడా ఆ రకంలో పదహారువేల అటూ ఇటూ. లిబర్టీ 64 లక్షల పక్కన పెట్టి చూడండి. ఆ రోజు తెలివైనవాళ్లు కొనలేదు, పిచ్చివాళ్లు కొన్నారు. నేను తెలివైనవాళ్ల జట్టులో ఉన్నాను.

1996లోనే చట్టం చేశారు. 1999 నుంచి ఏడాదికి రెండు సందర్భాలే, వెండి డాలర్లు అయిదు లక్షలకి మించకూడదు అని.

లెక్కల_మాస్టారు | ఆదివారం రాత్రి

బాబాయ్ గారు చెప్పినదాంట్లోంచి కొత్తవాళ్లు పొరపాటున "తక్కువ కొట్టినవి కొనాలి" అని తీసుకుంటారేమో. తక్కువ కొట్టినంతమాత్రాన ధర రాదు. కావాలనుకునేవాళ్లు కూడా ఉండాలి. మింట్ దగ్గర వచ్చిన రోజునే కొన్న స్మారక డాలర్లలో చాలా వాటికి రెండేళ్ల తర్వాత బయట అంతకన్నా తక్కువే పలుకుతుంది. కొత్తది కొత్తగా కొనకండి. ఆగండి.

పాతసామాను_పద్మ | ఆదివారం రాత్రి

మాస్టారూ, మీ మాట కాదనను, కానీ అందరూ ఆగితే ఎవరు కొంటారు? 2001 బఫెలో డాలర్ అప్పుడు మా తమ్ముడు మీలాగే "ఆగుదాం" అన్నాడు. జేమ్స్ ఎర్ల్ ఫ్రేజర్ 1913లో అయిదు సెంట్ల నాణెం కోసం చెక్కిన ఆదివాసీ ముఖాన్నీ అడవిదున్ననీ పెద్దగా వెండి మీదకి తెచ్చారు. అయిదు లక్షలూ వారాల్లో అయిపోయాయి. అది ఇప్పటికీ మింట్ ధరకి దిగలేదు. తమ్ముడు ఇప్పటికీ ఆగుతూనే ఉన్నాడు.

నేను ధర చూడను. చేతిలో పెట్టుకుంటే ఏదో ఒకటి అనిపించాలి. 2009లో లూయీ బ్రెయిల్ డాలర్ వచ్చింది. వెనకవైపు ఒక చిన్నారి పుస్తకం మీద వేళ్లు పెట్టి చదువుతుంటుంది. వేలితో తడిమి చదవగలిగే బ్రెయిల్ చుక్కలు ఉన్న మొదటి అమెరికా నాణెం అది. బి, ఆర్, ఎల్ అని మూడే అక్షరాలు. మా పక్కింటి తాతగారికి చూపు లేదు, బ్రెయిల్ నేర్చుకున్న మనిషి. చేతిలో పెడితే ఒక్క క్షణంలో చదివి నవ్వారు. దాని ధర వెండి కన్నా అయిదారు డాలర్లు ఎక్కువుంటుందేమో, నాకు తెలియదు, అక్కర్లేదు.

2014 బేస్‌బాల్ డాలర్ కూడా వదలకండి. బిళ్ల చదునుగా ఉండదు. ఒకవైపు చేతితొడుగులా లోపలికి గుంట, రెండోవైపు బంతిలా ఉబ్బు. నాలుగు లక్షలూ అమ్ముడైపోయాయి. 2019లో చంద్రుడి మీద అడుగుజాడ ఉన్న అపోలో 11 డాలర్ కూడా అదే పద్ధతి. వెయ్యేళ్ల కిందట అమెరికా చేరిన నావికుడు లీఫ్ ఎరిక్సన్ పేరుతో 2000లో వచ్చినది ఐస్‌లాండ్‌తో కలిసి చేసింది. జత నాణెం ఐస్‌లాండ్ డబ్బు వెయ్యి క్రోనాలది, అదీ అమెరికా మింట్‌లోనే కొట్టారు.

కోడలుగారూ, మీ దగ్గరున్న 1992 డాలర్ ఒలింపిక్స్‌ది అయి, దాని మీద డి అక్షరం ఉంటే దాని అంచు భూతద్దం పెట్టి చూడండి. 25వ ఒలింపియాడ్ అని రోమన్ అంకెతో నాలుగుసార్లు రాసుంటుంది, ఒకసారి నిటారుగా, ఒకసారి తలకిందులుగా.

ఫ్రీమాంట్_రావు | సోమవారం ఉదయం

నా గోడు కూడా వినండి. పదేళ్ల కిందట రాత్రి నిద్రపట్టక టీవీ పెడితే ఒక అమ్మకాల ఛానెల్లో స్మారక డాలర్లు చూపిస్తున్నారు. ప్లాస్టిక్ పలకలో సీలు చేసి, పైన 70 అని మార్కు. "డెబ్బైకి డెబ్బై, లోపమే లేదు, ఇంకో పన్నెండే మిగిలాయి." నాలుగు కొన్నాను. మొన్న అమ్మబోతే నేను పెట్టినదాంట్లో మూడోవంతు చెప్పారు. ఆ పన్నెండు ఇంకా మిగిలే ఉండి ఉంటాయి.

బిళ్లల_బాబాయ్ (డాలస్) | సోమవారం సాయంత్రం

రావుగారూ, మీరొక్కరే కాదు లెండి. నాణేల్ని పరీక్షించే కంపెనీలు వేసే మార్కులు 1 నుంచి 70 దాకా ఉంటాయి. పాత మోర్గన్ డాలర్లు, అంటే వందేళ్ల కిందటి వెండి డాలర్లు, సంచుల్లో ఒకదానికొకటి గుద్దుకుంటూ తిరిగినవి, వాటిలో 65కీ 66కీ తేడా కంటికి కనిపిస్తుంది, ధరలోనూ ఉంటుంది. ఈ కొత్త డాలర్లు అచ్చులోంచి తీసి నేరుగా క్యాప్సూల్‌లో పెట్టినవి. 69 అంటే మామూలు. 69కీ 70కీ తేడా భూతద్దం పెట్టినా నాకే సరిగా తెలియదు. నలభై ఏళ్ల కిందటి నాణేల్లో 70 దొరకడం కష్టం, వాటికి అర్థముంది. నిన్న కొట్టినదానికి 70 వేసి మూడురెట్లు అడిగితే, ఆ రెట్లు ప్లాస్టిక్ పలకకి, నాణేనికి కాదు.

కోడలమ్మా, నీ ఏడింటినీ మార్కుల కోసం పంపకు. పంపడానికి అయ్యే ఖర్చు తిరిగి రాదు.

భీమవరం_శీను | మంగళవారం

ఆయ్, మా బాబాయ్ గారు ఇక్కడ లయన్స్ క్లబ్‌లో ముప్పై ఏళ్లు చేశారండి. 2017లో లయన్స్ శతాబ్దికి అమెరికా వాళ్లు వెండి డాలర్ వేశారని తెలిసి అక్కడున్న మా బావతో తెప్పించుకున్నారు. ఒకపక్క క్లబ్ పెట్టిన మెల్విన్ జోన్స్ ముఖం, రెండోపక్క సింహం, ఆడసింహం, పిల్ల. క్లబ్ మీటింగులో అందరి చేతులూ తిరిగొచ్చింది. క్యాప్సూల్ లేకుండానే అండి. ఇప్పుడు దాని మీద ఉన్న వేలిముద్రల్ని బట్టి క్లబ్ సభ్యుల జాబితా రాయొచ్చు. దానికేమైనా మందుందా?

బిళ్లల_బాబాయ్ (డాలస్) | మంగళవారం

శీనూ, వేలిముద్ర తాజాగా ఉన్నప్పుడు స్వచ్ఛమైన అసిటోన్‌లో ముంచి తీస్తే జిడ్డు వదులుతుంది. రుద్దకూడదు, ముంచడమే. గోళ్ల రంగు తుడిచే సీసా పనికిరాదు, అందులో వాసనలూ నూనెలూ కలుపుతారు. కిటికీలు తెరిచి, పొయ్యికి దూరంగా చేయాలి, ఇట్టే అంటుకుంటుంది. ఏళ్లు గడిచి వెండి లోపలికి దిగిపోయిన ముద్రకి మందు లేదు. అయినా అది బాబాయ్ గారి స్నేహితుల ముద్రలు కదా, ఉండనీ.

మెత్తటి పీవీసీ కవర్లలో మాత్రం ఎప్పుడూ పెట్టకు. కొన్నేళ్లకి పచ్చటి జిగురు కారి నాణేన్ని తింటుంది. మన కోస్తా ఉక్కపోతకి గట్టి క్యాప్సూల్, డబ్బాలో సిలికాజెల్ పొట్లం.

కరీంనగర్_పోరడు | మంగళవారం రాత్రి

మా నాయినమ్మ దగ్గర చార్మినార్ బొమ్మున్న నిజాం హాలీ రూపాయలు రెండున్నయ్. అవి ముంగట పెట్టుకొని మీ ముచ్చట చదువుతున్న. మరి మన ఎన్టీఆర్ బిళ్ల సంగతేంది? అది గూడ గిట్లనే కదా. మా మామ లైన్ల నిలవడి కొన్నడు. ఇప్పుడు అమ్ముదమంటె అమ్మనిస్తలేడు.

లెక్కల_మాస్టారు | బుధవారం

2023 ఆగస్టు 28న రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము విడుదల చేసిన 100 రూపాయల నాణెం. 44 మిల్లీమీటర్లు, 35 గ్రాములు. అప్పటి మన 100 రూపాయల స్మారక నాణేల్లో వెండి సగమే, మిగతాది 40 శాతం రాగి, అయిదేసి శాతం నికెలూ జింకూ. అంటే వెండి పదిహేడున్నర గ్రాములు. చెక్కపెట్టెలో ఉన్న రకం 4,850 రూపాయలకి అమ్మారు. ఆనాటి ధరకి అందులో వెండి విలువ పదిహేను వందలు కూడా లేదు. చూడ్డానికి అమెరికా డాలర్ కన్నా పెద్దది, వెండి మాత్రం తక్కువ. కొనడం తప్పని అనను, పెట్టుబడి అనకండి చాలు.

పాతసామాను_పద్మ | బుధవారం

మాస్టారూ, మీరు పెళ్లి భోజనానికి వెళ్లి కూడా విస్తరాకు బరువు తూస్తారేమో. ఆ మామగారు లైన్లో నిలబడ్డది పదిహేడున్నర గ్రాముల కోసమా? లయన్స్ బాబాయ్ గారైనా అంతే. అమెరికాలో అయినా అంతే, బేస్‌బాల్ డాలర్ కొన్నవాళ్లలో సగం మంది జన్మలో ఇంకో నాణెం కొని ఉండరు.

లెక్కల_మాస్టారు | బుధవారం

పద్మగారూ, సంతోషంగా కొనండి. అయిదేళ్ల తర్వాత "నా నాణేనికి ధర రాలేదు" అని ఇక్కడ రాసేది కూడా వీళ్లే. రావుగారి పోస్టు పైన ఉంది చూడండి.

ఫ్రీమాంట్_రావు | బుధవారం

నన్ను మళ్లీ ఎందుకు లాగుతారండీ.

ఎడిసన్_కోడలు | శుక్రవారం

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. రెండో లిబర్టీ కూడా ఎస్ అక్షరమే. 1992ది డి, అంచు మీద రాత కనిపించింది, మా అబ్బాయి గంటసేపు తిప్పుతూ కూర్చున్నాడు, క్యాప్సూల్‌తో సహా వాడి చేతికే ఇచ్చేశాను. 1990 ఐసన్‌హోవర్ డాలర్ మీద ఒకే మనిషి రెండు ముఖాలు, ఒకటి సైన్యాధిపతిగా, ఒకటి అధ్యక్షుడిగా. అది మా ఆయనకి నచ్చింది. అమ్మడం లేదు.

తోమిన లిబర్టీని అమ్మ రాజమండ్రి తీసుకెళ్తానంటోంది. "పూజ చేసినదాన్ని అమ్మకూడదు" అట. ఇచ్చేశాను.

ఒక ప్రశ్న మిగిలింది. మా ఊరి పేరున్న ఎడిసన్ డాలర్ ఉందని ఎక్కడో చదివాను. నిజమేనా?

బిళ్లల_బాబాయ్ (డాలస్) | శుక్రవారం

నిజమే. 2004, బల్బుకి 125 ఏళ్లు నిండిన సందర్భం. ఒకవైపు బల్బు చేతబట్టుకున్న ఎడిసన్, రెండోవైపు వెలుగుతున్న బల్బు. ప్రూఫ్, అన్‌సర్క్యులేటెడ్ రెండూ ఫిలడెల్ఫియావే, అందుకే రెండింటి మీదా పి ఉంటుంది, అక్షరం చూసి ఏ రకమో తేల్చుకోకు. ఆయన ప్రయోగశాల ఉన్న మెన్లోపార్క్ మీ ఊళ్లోనే కదా. పెట్టె, కాగితం ఉన్నది తీసుకో. వెండి ధర మీద అయిదారు డాలర్లకి మించి ఇవ్వకు.

పాతసామాను_పద్మ | శుక్రవారం

ఆ ఊరి పాత పేరు రారిటన్ టౌన్‌షిప్. ఎడిసన్ అని మార్చింది 1954లో, పైన బాబాయ్ గారు చెప్పిన పాత స్మారక నాణేలు ఆగిపోయిన ఏడే. ఊరికే గుర్తొచ్చింది.

ఎడిసన్_కోడలు | పద్దెనిమిది రోజుల తర్వాత

వచ్చింది! ప్రూఫ్, పెట్టెతో సహా, వెండి ధర మీద నాలుగు డాలర్లు ఎక్కువ. అమ్మకి వీడియోలో చూపించాను.

"ఈయనెవరే?"

"ఎడిసనమ్మా. మా ఊరికి ఆయన పేరే. బల్బు కనిపెట్టారు."

కాసేపు చూసి, "మగాయన కలశంలోకి పనికిరాడు. అయినా దీపం పెట్టినాయనేగా, నేను మళ్లీ వచ్చేదాకా దాచు, కార్తీకమాసంలో తులసికోట దగ్గర పెడదాం" అంది.

బిళ్లల_బాబాయ్ (డాలస్) | అదే రోజు

కోడలమ్మా, అమ్మగారి టికెట్టు ఎప్పటికో చెప్పు. ఈలోగా ఆ క్యాప్సూల్ చుట్టూ నాలుగు చుట్లు టేపు వేసెయ్యి.